దాదా తకియా

మా నాన్న సందుకలో ముప్పై ఏళ్లకు పైగా ఒక దిండు ఉండేది. పాత చీరలో చుట్టి, నాలుగు కలరా ఉండలు వేసి, మూత మీద రెండు ఇత్తడి బిందెలు ఎత్తిపెట్టి. దాని మీద ఒక రాత్రి తల పెట్టినవాళ్లెవరూ రెండో రాత్రి పెట్టలేదు. అలాగని పారెయ్యనూ లేదు, ఇచ్చిన మనిషి అలాంటిది.

అప్పట్లో మేము హైదరాబాదు శాలిబండలో అద్దెకుండేవాళ్లం. ఇంటి పెద్దాయన లాడ్ బజార్‌లో ఒక అత్తరు దుకాణంలో లెక్కలు రాసేవాడు. నాన్న ఆయన్ని చిచ్చా అనేవాడు, పిల్లలం దాదా అనేవాళ్లం. సన్నటి మనిషి. తన తకియా అంటే ఆయనకి మహా గర్వం. దాని మీద చెంప ఆనిస్తే పొద్దున అజాన్ వినబడేదాకా మెలకువ రాదని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పేవాడు. 1988లో ఆయన పోయాడు. రెండేళ్లకు మేము సామాను లారీకెత్తి నయాపూల్ దాటి నల్లకుంటకి వచ్చేశాం. లారీ కదిలేముందు ఆ ఇంటి పెద్దావిడ నానీమా ఆ తకియా తెచ్చి నాన్న చేతుల్లో పెట్టింది. "మాస్టర్ సాబ్, మీకు నిద్ర పట్టదంటారుగా, ఉంచుకోండి" అని ఉర్దూలో అన్నది.

ఆ రాత్రే నాన్న దాని మీద పడుకున్నాడు. తెల్లారేసరికి మెడ పట్టేసింది. మూడు రోజులు తల తిప్పాలంటే మనిషంతా తిరిగేవాడు. తర్వాత బాబాయి ప్రయత్నించాడు, ఆ తర్వాత మేనమామ. ఇద్దరిదీ అదే కథ. అప్పటినుంచి మా ఇంట్లో తెగని ప్రశ్న ఒకటుంది: "ఆ రాయి మీద ఆ ముసలాయన ఎట్ల పండిండో?" పాతకాలం ఒళ్లని ఒకరు, అలవాటని ఒకరు. యూసుఫైన్ దర్గా తావీజు కుట్టారేమో లోపల అని మా మేనత్త. ఆకలి రుచెరుగదు, నిద్ర సుఖమెరుగదు అని సామెత చెప్పి తప్పుకున్నవాళ్లే ఎక్కువ.

పోయినేడు నా మెడ కూడా మొరాయించింది. కొన్న దిండల్లా నాలుగు రోజుల ముచ్చటే అయింది. ఇంట్లో దిండ్లు ఏడు, నిద్రపట్టేది ఒక్కదాని మీదా లేదు. అప్పుడు గుర్తొచ్చింది సందుక.

తీసి వంటింటి త్రాసు మీద పెడితే రెండుకిలోల మూడొందల గ్రాములు తూగింది. నీలం చారల మందపాటి గుడ్డ. బొటనవేలితో నొక్కితే లోపలికి పోదు. ఎత్తు నాలుగంగుళాలు. మా ఆయనది గుంటూరు. అనుమానం ఆయనకి మొదటి గుణం. "ఇది అసలు పడుకునే దిండేనా? నవాబులు ఆనుకుని కూర్చునే రకమేమో" అన్నాడు. మాట కొట్టిపారేసేది కాదు. గావ్ తకియా అని ఒకటుంది. ఫారసీలో గావ్ అంటే ఆవో ఎద్దో. అంత లావు కాబట్టి ఆ పేరు. చౌమహల్లాలో ఖిల్వత్ దర్బారుకి వెళితే పాలరాతి తఖ్త్-ఎ-నిషాన్ కనిపిస్తుంది. అలాంటి గద్దెల మీద మసనదు పరిచి, వీపుకి ఆనించుకునేది గావ్ తకియానే. అయితే అది గుండ్రంగా, పొడవుగా, రోలులా ఉంటుంది. మన తెలుగువాళ్లు బాలీసు అంటారే, అది. ఆ బాలీసు కూడా ఫారసీ నుంచి నడిచొచ్చిన మాటే. మా సందుకలోది పలకగా, నలుచదరంగా ఉంది. అదీగాక వీపు ఆనించే దిండుకి తలనూనె మరకలెందుకుంటాయి?

దిండు పట్టుకుని పాతబస్తీకి పోయాను. శాలిబండ నుంచి లోపలికి పోయే గల్లీలో దూది ఏకే దుకాణం ఒకటుంది. ఇప్పుడు ఏకేది కరెంటు మిషను. పాత విల్లు మాత్రం గోడకి వేలాడుతోంది, మనిషంత పొడుగు, నరం తాడు ఊడిపోయి. మన పక్క ఈ పనిచేసినవాళ్లని దూదేకులవాళ్లనీ నూర్‌బాషాలనీ అంటారు. వీరబ్రహ్మంగారి శిష్యుడు సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డే. 922లో బాగ్దాదులో ఉరికంబమెక్కిన సూఫీ మన్సూర్ హల్లాజ్ పేరులోని హల్లాజ్ అన్నా దూదేకేవాడనే. విల్లు తాడు దూదిలో పెట్టి కర్రతో కొడితే తున్‌తున్‌మని మోగుతూ, ఆ అదురుకి ముద్దకట్టిన పోగులు విడిపోయేవి. మధ్యలో గాలి చేరేది, దుమ్మూ తెగిన పోగులూ కింద రాలేవి. అంతే, దూది మళ్లీ పుట్టినట్టు లేచేది.

దుకాణం చిచ్చా దిండుని ఎత్తి చూసి, చెవి దగ్గర పెట్టి తట్టాడు. పుచ్చకాయ కొనేవాడిలా.

"ఎన్నేళ్లయింది ఏకి?"

"ముప్పై దాటింది చిచ్చా."

"ఇంకేం, ఏకు మేకైంది" అన్నాడు. ఈ సామెత అసలు అర్థంలో వాడగా వినడం నాకు అదే మొదటిసారి.

నూలు పోగు మెలితిరిగిన రిబ్బను లాంటిది. చెమట పీల్చుకుంటుంది, బరువు పడితే అణుగుతుంది, అణిగితే తనంతట తాను లేవదు. ఏడాదికో రెండేళ్లకో ఏకించకపోతే ముద్దయి, ముద్ద గడ్డయి కూర్చుంటుంది. బూరుగు దూది అలా కాదు. దాని పోగు లోపల డొల్ల, పైన మైనంలాంటి పూత. తేలిక, నీరంటదు. అందుకే రెండో ప్రపంచయుద్ధంలో నావికుల తేలే జాకెట్లలో బూరుగు జాతి దూది కూరేవారు. మెత్తదనంలో దాన్ని కొట్టేది లేదు. కానీ పోగు పెళుసు, కొన్నాళ్లకి పొడిపొడి అవుతుంది, ఏకితే నిలవదు. ఇదంతా విని నాకు చిక్కుముడి విడిపోయిందనిపించింది. దాదా రోజుల్లో ఇది మెత్తగా ఉండేది, మా సందుకలో గడ్డకట్టింది, నాన్న రాయి మీద పడుకున్నాడు. అయిపోయింది!

చిచ్చా కుట్టు విప్పుతూ ఆగాడు. "ఇది చూడు బేటీ." అంచు లోపల మూడు రంగుల దారాల తునకలున్నాయి. తెల్లవి, నల్లవి, గోధుమరంగువి. ఒక్కో ఏకుడుకి ఒక్కో కుట్టు. అవన్నీ నూనె పట్టి జిడ్డుగా ఉన్నాయి. ఇప్పుడు విప్పుతున్న ఆకుపచ్చ దారం ఒక్కటీ శుభ్రంగా ఉంది. "ఈ కుట్టు పడినంక దీని మీద ఎవరూ సరిగ్గ పండలే" అన్నాడు.

అంటే? నానీమా ఆ తకియాని నాన్నకి ఇచ్చేముందే ఏకించి, కొత్తగా కుట్టించి ఇచ్చింది. నాన్న పడుకున్న రాత్రి అందులో గడ్డ లేదు. ఇంటికొచ్చి ఆయన్నే అడిగాను, ఆ రోజు ఎలా ఉండేదని. ఎనభై ఏళ్ల మనిషి కాసేపు కళ్లు మూసుకున్నాడు. "రాయిలెక్క గాదు. గుట్టలెక్క ఉండె" అన్నాడు. రాయి అన్న మాట తర్వాత్తర్వాత, సందుకలో అది గట్టిపడుతున్న కొద్దీ, మా నోళ్లలో చేరింది. నా మొదటి తీర్పు అక్కడే కొట్టుకుపోయింది.

పైగా సమస్య పెద్దదైంది. మిషన్లోంచి వచ్చి, అదే దూది అదే గుడ్డలోకి తిరిగి చేరేసరికి దిండు ఏడంగుళాలు లేచింది. నాన్న మెడ పట్టేసింది ఈ ఎత్తు మీదే. మరి దాదా దీని మీద ఎలా పడుకున్నాడు?

ఆ రాత్రి ఇంట్లో మాటల పంచాయతీ ఒకటి నడిచింది. దిండుని మా అమ్మ మెత్త అంటుంది, తెలంగాణ ఇళ్లలో అదే మాట. మా అత్తగారు తలగడ అంటుంది. మా ఆయన దిండు. దాదా తకియా. ఒకే వస్తువుని నలుగురూ నాలుగు వైపుల నుంచి పట్టుకున్నారు. మెత్త దాని తత్త్వం చెబుతుంది, తలగడ దాని చోటు చెబుతుంది, దిండు అంటే నోట్లోనే లావు పలుకుతుంది. తకియా మాత్రం అరబ్బీలో ఆనుకోవడం అన్న ధాతువు నుంచి వచ్చింది. ఉర్దూలో ఫకీరు ఆగి తలవాల్చే చోటూ తకియానే. మాటిమాటికీ నోట్లో దొర్లే మాటని ఉర్దూవాళ్లు తకియా కలాం అంటారు. మనం ఏమంటాం? ఊతపదం. ఊత! ఇన్నాళ్లూ దుకాణాల్లో నేను మెత్తలు కొన్నాను. వేలితో నొక్కి చూసి, బుగ్గకి ఆనించి, అబ్బ ఎంత మెత్తగా ఉందో అని. దాదా దగ్గరున్నది ఊత. అయితే దేనికి ఊత? మెడ కింద ఎంత ఖాళీ ఉంటే అంత పూడ్చడానికి. అలాగైతే ఆయన మెడ కింద ఎంత ఖాళీ ఉండేది?

ఇది తేలాలంటే ఆయన ఎలా పడుకునేవాడో, దేని మీద పడుకునేవాడో తెలియాలి.

ఎలా అన్నది నా దగ్గరే ఉంది. ఎండాకాలం మధ్యాహ్నాలు, చిల్మన్ తెర దించి, తడి వట్టివేళ్ల వాసనలో దాదా ఖైలూలా, అంటే మధ్యాహ్నపు కునుకు, తీసేవాడు. కుడిపక్కకి తిరిగి, కుడి అరచెయ్యి చెంప కింద పెట్టుకుని. ప్రవక్త అలా పడుకునేవారని ముస్లిం ఇళ్లలో పిల్లలకి చిన్నప్పుడే నేర్పుతారు. మా అమ్మకి మాత్రం ఆ నిద్ర చూస్తే గుబులు. "ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకుంటడేంది ముసలాయన" అని గొణిగేది. మనకి ఉత్తరం పనికిరాదు. కానీ హైదరాబాదులో ఉత్తరానికి తలపెట్టి కుడిపక్కకి తిరిగితే ముఖం పడమరకి, కాబా వైపుకి ఉంటుంది. ఆ లెక్క అమ్మకి ఎవరు చెబుతారు! అన్నం తిన్నాక ఎడమపక్కకి ఒరగాలి, వామకుక్షి, అని ఆమె శాస్త్రం ఆమెకుంది. రాత్రిపూట గుండెల్లోకి పుల్లటి తేన్పులు తన్నుకొచ్చేవాళ్లకి ఎడమపక్కే మంచిదని ఇప్పటి వైద్యులూ అంటారు, అది వేరే సంగతి. తకియా పాత గలీబు మీద మరక కూడా దాదా పక్కకే పడుకున్నాడంటుంది. మధ్యలో కాదు, భుజం వైపు అంచుకి దగ్గరగా, చెంపంత మేర.

దేని మీద అన్నదానికి ఇంటికే వెళ్లాల్సి వచ్చింది. శాలిబండ ఇల్లు ఇప్పుడు సగమే మిగిలింది. దాదా గదిలో బ్యాగుల గోదాము. చూస్తానంటే కుర్రాళ్లు వింతగా చూసి సరేనన్నారు. ఉత్తరం గోడకి దోమతెర కట్టిన మేకులు రెండు అలాగే ఉన్నాయి. వాటి మధ్య, కింద, సున్నం పొరల్లోంచి పైకి తేలిన గోధుమరంగు మరక. నూనె మరక మీద ఎన్నిసార్లు సున్నం కొట్టినా దాగదు కదా. ఏళ్ల తరబడి నడినెత్తి తగిలిన చోటు అది. టేపు పెట్టి కొలిచాను, నేల నుంచి మరక నడుముకి ఇరవై ఆరంగుళాలు.

వెనక్కి తిరిగితే కుర్రాళ్లు బ్యాగులు మడతపెడుతున్న బల్ల కనిపించింది. అది బల్ల కాదు, దాదా పడుకునే తఖ్త్. దళసరి చెక్కలు, అడ్డపట్టీలు, పిడికిలితో గుద్దితే చెక్క పలుకుతుందే తప్ప వంగదు. ఎత్తు పదిహేడంగుళాలు. దాని మీద పల్చటి దూది పరుపు ఉండేదని నాకు బాగా జ్ఞాపకం, అణిగితే రెండంగుళాలనుకుందాం. అక్కడే అట్టముక్క మీద లెక్క వేశాను. ఇరవై ఆరులోంచి పదిహేడూ రెండూ పోతే ఏడు. పక్కకి తిరిగిన తల అడ్డకొలత ఆరంగుళాలుంటుంది. నడినెత్తి దానికి సగంలో ఉంటుంది కాబట్టి ఇంకో మూడు తీసేస్తే మిగిలింది నాలుగు. చెంపకీ పరుపుకీ మధ్య నాలుగంగుళాలు. బెత్తెడు పైన మరికాస్త.

ఇప్పుడు భుజం వైపు నుంచి రండి. పక్కకి పడుకున్నవాడి భుజం కొసకీ చెవికీ మధ్య దూరం ఆ మనిషి ఒడ్డూపొడవుని బట్టి నాలుగు నుంచి ఆరంగుళాలు. చెక్క తఖ్త్ మీద భుజం దిగబడదు. పల్చటి పరుపులో మహా అయితే అంగుళం. సన్నటి దాదాకి ఐదులోంచి ఒకటి పోతే నాలుగే. ఇంటికొచ్చి ఏడంగుళాల తకియా మీద నా తల పెట్టి మా ఆయన చేత కొలిపించాను. ఐదు కేజీల దాకా ఉండే మనిషి తల బరువుకి అది అణిగి నాలుగున్నర దగ్గర ఆగింది. రాత్రి గడిచేకొద్దీ ఆ అర అంగుళమూ తగ్గుతుంది. నాలుగు! బూరుగు దూది అయితే ఆ బరువుకి చతికిలబడి ఉండేది. ఆయన నూలు దూదే ఎందుకు కూరించాడో, ఎందుకు అంత దట్టించాడో అప్పుడు తెలిసింది.

మరి నాన్నకేమైంది? నల్లకుంటలో నాన్నది నవారు మంచం, అదీ నవారు సాగిన కుక్కి మంచం. పైగా ఆయన ఎప్పుడూ వెల్లకిలా పడుకుంటాడు. వెల్లకిలా పడుకుంటే భుజం అడ్డురాదు. మెడ వెనక ఉన్న చిన్న వంపు నిండితే చాలు, తల కింద రెండు మూడంగుళాలు దాటితే గడ్డం ఛాతీకి కొడుతుంది. నడుము గుంటలోకి దిగబడి, తల గుట్ట మీదకెక్కి, ఏడు మెడపూసలూ రాత్రంతా విల్లులా వంగి ఉన్నాయి. పట్టెయ్యక ఏం చేస్తుంది? బాబాయిదీ మేనమామదీ అదే మంచం. మేము ముగ్గురు మనుషుల మీద పరీక్షించామనుకున్నాం గానీ పరీక్షించింది ఒకే మంచం మీద.

ఇది తెలిశాక ఈజిప్టువాళ్ల మీద నా అభిప్రాయం మారింది. 1922లో బయటపడిన టూటన్‌ఖామన్ సమాధిలో దంతంతో చేసిన తలగడ దొరికింది. కింద రెండు సింహాల నడుమ షూ దేవుడు, చేతులెత్తి ఆ వంపుని మోస్తుంటాడు. సోంగ్ రాజుల కాలపు చైనావాళ్లు పింగాణీ దిండ్లు వాడారు. మ్యూజియం ఫోటోలు చూసి పాపం ఎలా పడుకున్నారో అనుకుంటాం. గట్టి పడక మీద పక్కకి తిరిగినవాడికి ఎత్తు కుదిరితే చాలు, మెత్తదనం రెండోది. 2009లో ఆస్ట్రేలియాలో సుసాన్ గార్డన్ అనే పరిశోధకురాలి బృందంవాళ్లు పక్కకి పడుకునేవాళ్ల మీద రకరకాల దిండ్లు ప్రయత్నించి చూస్తే, ఆకారం నిలుపుకునే లేటెక్సు ముందుంది. మెత్తటి ఈకల దిండు వెనకబడింది.

నా ఏడు దిండ్ల కథా ఇందులోనే తేలిపోయింది. నేను పక్కకి పడుకుంటాను. గోడకి భుజం ఆనించి నిలబడితే చెవికీ గోడకీ మధ్య ఐదంగుళాలు వచ్చింది. కానీ మా మంచం మీద ఎనిమిదంగుళాల ఫోము పరుపు, భుజం అందులో రెండంగుళాలు మునుగుతుంది. నాకు కావాల్సింది మూడు. కొన్నవన్నీ ఐదో ఆరో. పరుపు మార్చిన ఏడాదే మెడనొప్పి మొదలైందన్న సంగతి నాకు తట్టనే లేదు, తప్పంతా దిండ్ల మీదే వేశాను. ఆ ఏడింటిలో ఒకటి మెమరీ ఫోము. 1966లో నాసా కోసం ఛార్లెస్ యోస్ట్ కనిపెట్టిన సరుకు అది. వేడికి మెత్తబడి చలికి బిగుస్తుంది. దుకాణంలో ఏసీ చలికి నిబ్బరంగా అనిపించింది, మే నెలలో కరెంటు పోయిన రాత్రి తల అడుక్కి దిగిపోయింది. దిండుని మడిచి వదిలితే తిరిగి విచ్చుకోవాలి, లేకపోతే పని అయిపోయినట్టే అంటారు. పాలిస్టరు దిండుకి ఆ పరీక్ష సరిపోతుంది గానీ నూలు దిండుకి పెట్టకండి, అది బతికున్నప్పుడూ విచ్చుకోదు. దానికి ఏకేవాడు కావాలి. బోర్లా పడుకునేవాళ్లకి పల్చటిదో, అసలు లేకపోవడమో మేలు. చెయ్యి తిమ్మిరెక్కుతూ వేళ్లదాకా నొప్పి పాకితే మాత్రం దిండు సంగతి పక్కనపెట్టి డాక్టర్ని చూడాలి.

మళ్లీ చిచ్చా దగ్గరికి వెళ్లి తకియాలోంచి ఆరొందల గ్రాముల దూది తీయించాను. దానితో నాన్నకి రెండంగుళాలది పల్చగా ఒకటి కుట్టాడు, అదే నీలం చారల గుడ్డ దొరక్క తెల్లదాంట్లో. నాన్న దాని మీద నాలుగు రాత్రులు పడుకుని ఏమీ అనలేదు. ఐదో పొద్దున మంచం మీంచి లేస్తూ, "గా నానీమా ఇది ముందుగల్లనే తీసి ఇయ్యకపాయె" అన్నాడు.

దాదా తకియా కొంచెం చిక్కింది. మధ్యాహ్నాలు హాల్లో చాప మీద బొంత పరిచి, కుడిపక్కకి తిరిగి దాని మీద పడుకుంటున్నాను. మొన్న అలాగే కళ్లు మూతలు పడుతుంటే చాప కదిలింది. కళ్లు తెరిస్తే అమ్మ, ఒంగుని, రెండు చేతులతో చాప కొస పట్టుకుని లాగుతోంది.

"ఉత్తరం దిక్కు తల పెట్టినవ్. జర తూర్పుకు జరుగు."